తాతగారి ఉత్తరాలకు పదసూచి: రస్ట్ హ్యాష్‌మ్యాప్‌తో ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

మా తాతగారు గుంటూరు జిల్లాలోని మా ఊరి నుంచి, హైదరాబాదులో చదువుకుంటున్న నాన్నగారికి రాసిన 212 ఉత్తరాలను మా మేనత్త, చెల్లెలు కలిసి ఏడాది పాటు కూర్చుని టైపు చేశారు. ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలుగా ఉంది; ఉత్తరం రాసిన తేదీనే ఫైలుకు పేరుగా పెట్టారు. వారు ఇప్పుడు నన్ను అడిగినది ఒక్కటే: ఏదైనా ఒక మాట ఇస్తే అది ఏయే ఉత్తరాల్లో ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే చిన్న ప్రోగ్రాము. పైరు గురించి ఎప్పుడెప్పుడు రాశారు, పైకం పంపిన సంగతి ఏ ఉత్తరంలో ఉంది, బావి తవ్వించినది ఏ సంవత్సరం వంటి ప్రశ్నలు మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి జవాబు వెతకడానికి ప్రతిసారీ ఉత్తరాలన్నీ మొదటి నుంచి చదవవలసి వస్తోంది.

ఇది కీ-వాల్యూ సంచయంతో తీరే పని. అడంగల్ పుస్తకంలో సర్వే నంబరు తెలిస్తే ఆ పొలం వివరాలు ఒక్కచోట దొరికినట్లుగా, ఇక్కడ పదం కీ అవుతుంది, దాని వివరాలు వాల్యూ అవుతాయి. పైథాన్ అన్న ప్రోగ్రామింగు భాషలో దీనిని డిక్షనరీ అంటారు, రస్ట్ అన్న భాషలో హ్యాష్‌మ్యాప్ అంటారు. నేను పైథాన్‌కు అలవాటు పడినదాన్నే అయినా ఈసారి రస్ట్‌ను ఎంచుకున్నాను. అత్తయ్య దగ్గరున్న పాత ల్యాప్‌టాప్‌లో మరేదీ ఇన్‌స్టాల్ చేయకుండా ఒకే ఒక్క ఫైలుగా ప్రోగ్రాము నడవాలన్నది మొదటి కారణం. కీ ఎవరి సొంతం, వాల్యూను ఎవరు మార్చవచ్చు అన్న ప్రశ్నలను రస్ట్ మొదటి నుంచే అడుగుతుంది కాబట్టి వాటిని ఈసారైనా శ్రద్ధగా నేర్చుకోవాలనుకోవడం రెండవది.

మొదటి ప్రయత్నంగా వాక్యాన్ని అక్షరం కాని ప్రతి చోటా విరిచి, వచ్చిన ముక్కలను లెక్కపెట్టాను. అక్షరమా కాదా అని తేల్చడానికి రస్ట్‌లో సిద్ధంగా ఉన్న ఈజ్ ఆల్ఫబెటిక్ అన్న మెథడ్‌ను వాడాను. జాబితాలో ‘పాడు’, ‘తరం’ అన్న మాటలు లెక్కకు మించి కనిపించినప్పుడు, తాతగారు తరాల గురించి అంతగా రాశారా అని కొంతసేపు ఆశ్చర్యపోయాను. ‘చెప’, ‘ఉత’ అన్న ముక్కలను కూడా చూసిన తరువాత సంగతి అర్థమైంది. ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంఖ్యను సంకేతంగా ఇచ్చే యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు అక్షర జాతికి చెందుతాయి కానీ పొల్లు గుర్తు చెందదు. అందువల్ల ఒత్తు ఉన్న ప్రతి చోటా పదం రెండుగా విరిగి, ‘ఉత్తరం’ కాస్తా ‘ఉత’, ‘తరం’ అయింది. ‘చెప్పాడు’ కాస్తా ‘చెప’, ‘పాడు’ అయింది. ద్విత్వాలు, సంయుక్తాలు లేని తెలుగు వాక్యం అరుదు కాబట్టి జాబితా అంతా ఇదే తీరుగా ఉంది.

యూనికోడ్ సెగ్మెంటేషన్ అన్న లైబ్రరీని చేర్చి, పదాలను విడదీసే పనిని దానికి అప్పగించాను. ఒత్తులు నిలిచాయి. ఈ రోజుకు ఇది చాలు.

రెండవ రోజు

నిన్నటి ప్రోగ్రాము ఒక్క ఫైలుకు పనిచేసింది. ఈ రోజు దానిని అన్ని ఫైళ్లకూ వర్తింపజేయబోతే, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ అంగీకరించలేదు. అప్పుగా తీసుకున్న విలువ తగినంత కాలం నిలవదన్నది దాని అభ్యంతరం. కారణం చూస్తే న్యాయంగానే ఉంది. నేను కీలుగా వాడినవి స్ట్రింగ్ స్లైసులు, అంటే ఫైలు పాఠంలోని ఫలానా చోటి నుంచి ఫలానా చోటి వరకు అని చూపించే గుర్తులు మాత్రమే. లూపు ఒక చుట్టు పూర్తికాగానే ఆ ఫైలు పాఠం మెమరీ నుంచి తొలగిపోతుంది, మ్యాపు మాత్రం మిగిలి ఉంటుంది. అప్పుడు మ్యాపులోని కీలు లేని పాఠాన్ని చూపిస్తూ ఉండిపోతాయి. పైథాన్‌లో నాకు ఈ ప్రశ్న ఎన్నడూ ఎదురుకాలేదు, ఎందుకంటే అక్కడ కీని ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతకాలం దానిని బతికించే బాధ్యత భాషే తీసుకుంటుంది.

నా ముందు రెండు దారులు ఉన్నాయి. అన్ని ఫైళ్ల పాఠాన్నీ ముందుగానే చదివి చివరి వరకు మెమరీలో ఉంచుకుంటే స్లైసులనే కీలుగా వాడవచ్చు. లేదా ప్రతి కీకీ సొంతంగా ఒక స్ట్రింగ్‌ను, అంటే ఆ పదానికి ఒక విడి ప్రతిని, తయారు చేసి మ్యాపుకు అప్పగించవచ్చు. 212 ఉత్తరాలకు మొదటి దారి సరిపోతుంది కానీ, పదాన్ని కీగా వేసే ముందు దానిలో ఏదైనా చిన్న మార్పు చేయవలసి వస్తే ఆ మారిన రూపం మూలపాఠంలో ఎక్కడా ఉండదు కాబట్టి దానికి స్లైసును చూపించలేము. అటువంటి మార్పు అవసరమవుతుందని నాకు అనిపించి రెండవ దారినే పట్టాను.

లెక్కపెట్టడానికి రస్ట్‌లో ఎంట్రీ అన్న మెథడ్ ఉంది. ఈ కీ ఉన్న చోటును చూపించు, లేకపోతే సున్నాతో మొదలుపెట్టు, ఏదైనా సరే ఒకటి కలుపు అన్న మూడు పనులూ దీనితో ఒకే వాక్యంలో పూర్తవుతాయి. పదం కోసం మ్యాపులో ఒక్కసారే వెతుకుతుంది. ఉందా లేదా అని ఒకసారి, వేయడానికి మరొకసారి తిరగదు. ఈ మెథడ్ నాకు ఎంతో నచ్చింది. అయితే దీనికి కీని సొంతంగా ఇచ్చెయ్యాలి. అంటే ‘నేను’ అన్న మాట వెయ్యిసార్లు వస్తే వెయ్యిసార్లు కొత్త స్ట్రింగ్‌ను తయారు చేసి, అందులో 999 స్ట్రింగులను వెంటనే పారవేస్తున్నట్లు లెక్క. తెలుగులో ఇది కొంచెం బరువైన సంగతే. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి సంకేతానికీ 3 బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాట చదవడానికి మూడు అక్షరాలే అయినా సంకేతాలుగా ఆరు, బైట్లుగా 18 అవుతుంది. దానికి తోడు 64 బిట్ల యంత్రం మీద స్ట్రింగ్ వివరాలకు మరో 24 బైట్లు కావాలి.

అందువల్ల ముందుగా గెట్ మ్యూట్ అన్న మెథడ్‌తో వెతికి, దొరికితే అక్కడే ఒకటి కలిపి, దొరకనప్పుడు మాత్రమే స్ట్రింగ్‌ను తయారు చేసి ఇన్సర్ట్ చేసేటట్లు మార్చాను. కీలు స్ట్రింగులే అయినా వెతకడానికి స్లైసు ఇస్తే చాలు; ఆ రెండింటికీ హ్యాష్ విలువ (కీని మ్యాపులో ఎక్కడ ఉంచాలో తేల్చడానికి దాని నుంచి లెక్కకట్టే అంకె), సమానత్వం ఒకేలా ఉంటాయని బారో అన్న ట్రెయిట్ (టైపులు పాటించవలసిన ఒప్పందం) హామీ ఇస్తుంది కాబట్టి ఇది సాధ్యమవుతోంది. ఈ హామీ ఎంత ముఖ్యమో వారం తరువాత నాకు తెలిసివచ్చింది.

నాలుగవ రోజు

ఎక్కువగా వచ్చిన 50 మాటల జాబితాను చెల్లెలికి పంపాను. మర్నాడు ఉదయం తను ఫోను చేసి, "అక్కా, నిన్న పంపినదానిలో ‘వడ్లు’ ఉంది, ఈరోజు నేను నడిపితే లేదు, మధ్యలో ఏమైనా మార్చావా?" అని అడిగింది. నేను ఏమీ మార్చలేదు. జాబితా అడుగున ఒకే లెక్క ఉన్న మాటలు అనేకం ఉన్నాయి. వాటిలో ఏవి 50 లోపలికి వస్తాయి, ఏవి బయట మిగులుతాయి అన్నది ప్రోగ్రామును నడిపిన ప్రతిసారీ మారుతోంది.

రస్ట్ హ్యాష్‌మ్యాప్ కీలను ఏ వరుసలో అందిస్తుందో ముందుగా చెప్పలేము. ప్రతి మ్యాపూ తయారయ్యేటప్పుడు యాదృచ్ఛికమైన బీజంతో మొదలవుతుంది. అది కావాలని చేసిన ఏర్పాటు. కీల హ్యాష్ విలువలు ముందే తెలిసిపోతే, ఒకే చోట పడే కీలను వేలకొద్దీ తయారుచేసి పంపి ఒక సర్వరును స్తంభింపజేయవచ్చని 2011 డిసెంబరులో పరిశోధకులు అనేక భాషల మీద చూపించారు. ఆ మరుసటి ఏడాది జీన్-ఫిలిప్ ఓమాసన్, డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించిన సిప్‌హ్యాష్ అన్న పద్ధతిలోని ఒక తేలిక రూపాన్నే రస్ట్ ఇప్పుడు మామూలుగా వాడుతోంది. పైథాన్ డిక్షనరీ 3.7 నుంచి కీలు చేరిన వరుసను నిలుపుకుంటుంది కాబట్టి, నేను తెలియకుండానే ఆ అలవాటును ఇక్కడికి మోసుకువచ్చాను.

సవరణ చిన్నదే. మ్యాపులోని జతలన్నిటినీ ఒక వెక్టర్‌లోకి, అంటే వరుస ఉన్న జాబితాలోకి తీసి, లెక్క పెద్దది ముందు వచ్చేటట్లు, లెక్క సమానమైతే పదాన్ని బట్టి వచ్చేటట్లు సార్ట్ చేశాను. మొదట నేను లెక్కను మాత్రమే చూసి సార్ట్ చేశాను. ఆ సార్ట్ సమానమైన వాటి వరుసను చెదరనివ్వదు అని ధైర్యంగా ఉన్నాను, కానీ చెదరకుండా నిలిచినది హ్యాష్‌మ్యాప్ ఇచ్చిన యాదృచ్ఛిక వరుసే. చెల్లెలికి ఇదంతా వివరించి, జాబితాను మళ్లీ పంపాను.

పదకొండవ రోజు

ఈ రోజు రాయవలసినది చాలా ఉంది.

జాబితాను చదువుతున్న అత్తయ్య, ‘పైకం’ అన్న మాట రెండుసార్లు ఉందని, ఒకదాని పక్కన 31 అని, మరొకదాని పక్కన 6 అని చూపించింది. తెరమీద రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ‘హైదరాబాదు’ కూడా రెండుగానే ఉంది, ‘పైరు’ కూడా అంతే. ఐత్వం ఉన్న మాటలే ఇలా రెండవుతున్నాయని గమనించి, వాటి సంకేతాలను విడివిడిగా అచ్చువేసి చూశాను. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన భాగం దశాంశ సంఖ్యల్లో 3072 నుంచి 3199 వరకు ఉంటుంది. అందులో ఐత్వానికి 3144 అన్న సొంత సంకేతం ఉంది. అదే ఐత్వాన్ని 3142 అయిన ఎత్వం, దాని వెనుక కింది భాగపు గుర్తు అయిన 3158 అని రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. ఈ రెండు రూపాలూ సమానమని యూనికోడే ప్రకటిస్తుంది కానీ బైట్లు వేరు. బైట్లు వేరైతే హ్యాష్‌మ్యాప్ దృష్టిలో అవి రెండు వేరువేరు కీలు. చెల్లెలు కొన్ని ఉత్తరాలను మొదట పాత ముద్రణ ఫాంటులో టైపు చేసి, తరువాత యూనికోడ్‌లోకి మార్చింది. ఆ ఫాంటులో ఐత్వం పై గుర్తూ కింది గుర్తూ విడివిడిగా ఉండేవి కాబట్టి మార్పిడి కూడా వాటిని విడిగానే ఉంచింది.

దీనికి ఎన్ఎఫ్‌సీ అన్న సాధారణీకరణ ఉంది. పదాన్ని దానిలోంచి పంపితే రెండు సంకేతాల ఐత్వం ఒకే సంకేతంగా కుదురుతుంది. రెండవ రోజున నేను ఊహించిన చిన్న మార్పు ఇదే. స్లైసులను కీలుగా ఉంచి ఉంటే ఈ రోజు మొత్తం తిరిగి రాయవలసి వచ్చేది.

ఐత్వం తరువాత కనిపించని గుర్తు ఎదురైంది. ‘పోస్ట్‌మన్’ అన్న మాటలో టకు మ ఒత్తు పడకుండా ఉండడానికి, పొల్లు తరువాత 8204 అన్న సంకేతంతో, వెడల్పు లేని ఒక విడదీత గుర్తును వేస్తాము. అత్తయ్య దానిని వేసి టైపు చేసింది, చెల్లెలు కొన్నిచోట్ల వేయలేదు. వేయకపోతే అక్షరం ఆకారం మారుతుందే తప్ప మాట మారదు. ఎన్ఎఫ్‌సీ ఈ గుర్తును ముట్టుకోదు కాబట్టి దీని సంగతి నేనే చూసుకోవాలి.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను, అది వివరంగా రాసుకోదగినది. పదం అసలు రూపం చెడకూడదన్న ఆలోచనతో, పదాన్ని ఉన్నదున్నట్లుగా దాచుకునే ఒక కొత్త టైపును (ప్రోగ్రాములో విలువల రకాన్ని) తయారు చేసి, సమానత్వాన్ని మాత్రం నా చేతితో రాశాను: విడదీత గుర్తును వదిలేసి పోల్చు, మిగిలినది ఒకటే అయితే సమానమే అను. హ్యాష్‌ను మాత్రం భాష తనంతట తానే తయారు చేసేటట్లు డిరైవ్ చేసి ఊరుకున్నాను. పరీక్షలో రెండు ‘పోస్ట్‌మన్’లనూ నేరుగా పోలిస్తే సమానమని వచ్చింది. మ్యాపులో వేస్తే మాత్రం రెండుగానే ఉన్నాయి.

మ్యాపు లోపల జరిగేది చూస్తే దీనికి కారణం స్పష్టమవుతుంది. రస్ట్ 2019 జూలైలో వచ్చిన 1.36 వెర్షన్ నుంచి గూగుల్ రూపొందించిన స్విస్ టేబుల్ పద్ధతిని వాడుతోంది. ఇందులో ప్రతి గదికీ విడిగా ఒక బైటు ఉంటుంది. గది నిండి ఉంటే అందులో ఉన్న కీ హ్యాష్‌లోని 7 బిట్లు ఆ బైటులో ఉంటాయి. ఒక కీ కోసం వెతికేటప్పుడు హ్యాష్‌ను బట్టి ఏ గదుల వరుసలో చూడాలో నిర్ణయించుకుని, ఆ 7 బిట్లు సరిపోయిన గదుల దగ్గర మాత్రమే సమానత్వాన్ని అడుగుతుంది. నా రెండు పోస్ట్‌మన్‌ల హ్యాష్ విలువలు వేరు కాబట్టి మ్యాపు సాధారణంగా ఆ ప్రశ్న వరకు రానే రాదు. సమానమైన కీలకు హ్యాష్ కూడా సమానంగా ఉండి తీరాలన్న నియమం ఇందుకే ఉంది. ఇలా ఒకటి చేతితో రాసి మరొకటి డిరైవ్ చేస్తే క్లిప్పీ అన్న తనిఖీ పనిముట్టు హెచ్చరిస్తుంది కూడా. ఆ పనిముట్టును నేను ఆ రోజు నడపలేదు.

హ్యాష్‌ను కూడా చేతితో రాసి సరిదిద్దవచ్చు. నేను ఆ పని చేయలేదు. ఒకవేళ సరిదిద్దినా మరొక చిక్కు మిగులుతుంది: ఉన్న కీకి సమానమైన కీతో ఇన్సర్ట్ చేస్తే రస్ట్ వాల్యూను మారుస్తుంది కానీ కీని మార్చదు. అంటే సూచిలో నిలిచే రూపం ఏ ఫైలు ముందు చదివామన్న దాని మీద ఆధారపడుతుంది. సమానత్వంలో వెసులుబాటు కల్పించే కన్నా, మ్యాపులోకి వచ్చే ముందే పదాన్ని ఒకే రూపానికి తెచ్చి, ఆ తరువాత కచ్చితమైన సమానత్వాన్నే పాటించడం మంచిదని నిశ్చయించుకున్నాను. ఇప్పుడు కీ టైపును తయారు చేయడానికి ఒకే ఒక్క ఫంక్షన్ ఉంది. అది ఎన్ఎఫ్‌సీ చేస్తుంది, విడదీత గుర్తును తీస్తుంది, చివరన ఉన్న చుక్కలను, కామాలను తొలగిస్తుంది. టైపు లోపలి స్ట్రింగ్‌ను బయటివారు ముట్టుకోలేరు కాబట్టి శుద్ధి కాని పదం కీగా మారే దారి లేదు. హ్యాష్, సమానత్వం రెండింటినీ డిరైవ్ చేశాను.

రాత్రి మళ్లీ నడిపితే ‘పైకం’ పక్కన 37 అని వచ్చింది.

పద్నాలుగవ రోజు

శుద్ధి చేసిన కీ తెరమీద చూపించడానికి బాగుండదు. విడదీత గుర్తు పోయి పోస్ట్‌మన్ ఆకారం మారిపోతుంది. అందుకని వాల్యూను పెంచాను. ఇంతవరకు వాల్యూ ఒక అంకె మాత్రమే. ఇప్పుడు అది ఒక స్ట్రక్ట్: మొత్తం లెక్క, ఏ ఉత్తరంలో ఎన్నవ పంక్తిలో వచ్చిందో చెప్పే వెక్టర్, పదం ఏయే రూపాల్లో ఎన్నిసార్లు కనిపించిందో చెప్పే మరో చిన్న మ్యాపు. తెరమీద చూపించేటప్పుడు ఎక్కువసార్లు వచ్చిన రూపాన్ని వాడుతున్నాను. మ్యాపులో మ్యాపు ఉంటే రాయడం కష్టమవుతుందేమోనని అనుకున్నాను కానీ, స్ట్రక్ట్‌కు డిఫాల్ట్‌ను డిరైవ్ చేశాక ఎంట్రీ దగ్గర ఆర్ డిఫాల్ట్ అన్న పిలుపుతో ఖాళీ స్ట్రక్ట్ దానంతట అదే ఏర్పడుతోంది. మొదట అంకెను మాత్రమే పెట్టుకుని తరువాత దానిని విస్తరించడం వల్ల తనిఖీ చేయడం సులభమైంది.

ఒక చిన్న నియమం కూడా పెట్టుకున్నాను. చదరపు బ్రాకెట్లతో కీని అడిగితే, అది మ్యాపులో లేనప్పుడు ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. అత్తయ్య టైపు చేసే మాట ఉత్తరాల్లో ఉండి తీరుతుందని ఎవరూ చెప్పలేరు. అందువల్ల వెతకడానికి ఎప్పుడూ గెట్ మాత్రమే వాడుతున్నాను. అది దొరికితే సమ్ అని, దొరక్కపోతే నన్ అని ఇస్తుంది, రెండింటికీ ఏమి చేయాలో రాయనిదే కంపైలర్ ఒప్పుకోదు.

పదిహేడవ రోజు

‘ఇల్లు’, ‘ఇంటికి’, ‘ఇంట్లో’ అన్నవి మూడు కీలుగా ఉన్నాయి. విభక్తులన్నిటినీ ప్రోగ్రాము చేత విడదీయించడం ఈ ప్రాజెక్టుకు మించిన పని. అందుకని చెల్లెలి సాయంతో రూపాంతరాల పట్టికను చేతితో తయారు చేస్తున్నాము: ఒక పక్క రూపాంతరం, మరో పక్క మూలపదం. ఇది కూడా ఒక హ్యాష్‌మ్యాపే. ఫైలు నుంచి ఎక్కించేటప్పుడు ఇన్సర్ట్ ఇచ్చే జవాబును తప్పక చూస్తున్నాను. కీ ముందే ఉంటే అది పాత వాల్యూను తిరిగి ఇస్తుంది. అలా వచ్చిందంటే ఒకే రూపాంతరాన్ని ఇద్దరం రెండు మూలపదాలకు రాశామన్నమాట. ఆ జవాబును చూడకుండా వదిలేస్తే పాతది నిశ్శబ్దంగా చెరిగిపోతుంది. ఇప్పటికే ఇటువంటివి నాలుగు దొరికాయి. ఏ మూలపదమూ మళ్లీ రూపాంతరంగా కనిపించకూడదన్న తనిఖీ కూడా పెట్టాను, లేకపోతే ఒకదాని నుంచి మరొకదానికి తిరుగుతూ ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఇరవై ఒకటవ రోజు

సూచిని అచ్చువేసి ఇవ్వమని అత్తయ్య అడిగింది. అచ్చులో అకారాది క్రమం కావాలి. హ్యాష్‌మ్యాప్‌కు వరుస ఉండదు కాబట్టి బీట్రీమ్యాప్‌కు మారాను. ఇది కీలను ఎప్పుడూ వరుసలో ఉంచుతుంది; కీలను వృక్షం కొమ్మల్లా అమర్చి, నోడు అనే ఒక్కొక్క గదిలో 11 కీల వరకు పక్కపక్కనే ఉంచుకుంటుంది కనుక మామూలు వృక్షాల కన్నా మెమరీని పొదుపుగా వాడుతుంది. సూచిని ఫైలుగా దాచి, ఫైళ్లలోని మార్పులను నమోదు చేసే గిట్‌లో పెట్టినప్పుడు కూడా దీని మేలు కనిపించింది. హ్యాష్‌మ్యాప్ నుంచి రాసిన ఫైలులో ఏమీ మారకపోయినా పంక్తులన్నీ తారుమారై అంతా మారినట్లు చూపించేది; ఇప్పుడు నిజంగా మారినవి మాత్రమే కనిపిస్తున్నాయి.

అయితే ఆ వరుస సంకేత సంఖ్యల వరుస. అందులో ర తరువాత ఱ, ల తరువాత ళ, ఆ తరువాతే వ వస్తాయి. మేము బడిలో నేర్చుకున్న వర్ణమాలలో హ తరువాత ళ, క్ష, ఱ వస్తాయి. సూచిలో ‘కళ’ ముందు, ‘కవి’ వెనుక పడ్డాయి. అత్తయ్య ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి. ఆ వరుసతో సూచిని ఆమె చేతికి ఇవ్వలేను.

కీ టైపులో రెండు భాగాలు పెట్టాను. మొదటిది బరువుల వరుస: తెలుగు భాగంలోని ప్రతి సంకేతానికీ వర్ణమాల ప్రకారం ఒక అంకె, ఒక్కొక్క అంకెకు ఒక బైటు. రెండవది శుద్ధి చేసిన పదం. పట్టికలో బరువు ఇవ్వని సంకేతాలను పోలికలో వదిలేయమన్నాను. మొదట పోలికను చేతితో రాస్తూ బరువులను మాత్రమే పోల్చాను. ‘కవి’, ‘కళ’ సరిగా కూర్చున్నాయి. కానీ నేను రెండవ వారం నుంచి ప్రతిసారీ నడిపే ఒక పరీక్ష విఫలమైంది: అన్ని ఉత్తరాల్లోని పదాల మొత్తం సూచిలోని లెక్కల మొత్తానికి సమానం కావాలి, అది తగ్గింది. పైగా తగ్గిన అంకె నడిపిన ప్రతిసారీ వేరుగా ఉంది.

వెతకగా వెతకగా ‘నేఁడు’ దగ్గర దొరికింది. తాతగారు కొన్ని ఉత్తరాల్లో అరసున్న పెట్టి, కొన్నిటిలో పెట్టకుండా రాశారు. అరసున్నకు నేను బరువు ఇవ్వలేదు. బీట్రీమ్యాప్ సమానత్వాన్ని అడగదు, పోలికను మాత్రమే అడుగుతుంది. పోలిక సమానమంటే దానికి అవి ఒకే కీ. హ్యాష్‌మ్యాప్‌లో ‘నేఁడు’, ‘నేడు’ రెండు కీలుగా ఉన్నాయి, బీట్రీమ్యాప్‌లోకి మార్చినప్పుడు ఒకటి మరొకదానిని తుడిచివేసింది. హ్యాష్‌మ్యాప్ వరుస యాదృచ్ఛికం కాబట్టి ఒకసారి దీని లెక్క, మరొకసారి దాని లెక్క పోయింది. ఒక మాట చెరిగిపోయిన విషయం ఆ పరీక్ష లేకపోతే నాకు తెలిసేది కాదు. తాతగారి మాట ఒకటి నా ప్రోగ్రాము వల్ల పోయిందన్న ఆలోచన నన్ను చాలాసేపు బాధపెట్టింది.

రెండింటినీ కలిపి లెక్కపెట్టవచ్చు కదా అని ఆలోచించి అత్తయ్యను అడిగాను. "మా నాన్న అరసున్న పెట్టి రాసేవారమ్మా, ఒంట్లో బాగా లేనప్పుడే వదిలేసేవారు. రెండూ వేరుగానే ఉంచు, తీసేయమాకు" అన్నది. అందువల్ల అవి పక్కపక్కన ఉండాలి, కానీ ఒకటి కాకూడదు. చేతితో రాసిన పోలికను తీసివేసి, పోలికను నిర్ణయించే ఆర్డ్ ట్రెయిట్‌ను డిరైవ్ చేశాను. స్ట్రక్ట్‌లో భాగాలను రాసిన వరుసలోనే అది పోలుస్తుంది: ముందు బరువులు, అవి సమానమైతే పదం. బరువులు ఒకటైనా పదాలు వేరు కాబట్టి ‘నేఁడు’, ‘నేడు’ ఇప్పుడు వెనువెంటనే రెండు పంక్తులుగా వస్తున్నాయి. మొత్తం సరిపోయింది.

ఇరవై మూడవ రోజు

సిప్‌హ్యాష్ కన్నా వేగమైన హ్యాష్ పద్ధతులు ఉన్నాయి. రస్ట్ కంపైలర్ తన లోపలి పనులకు ఎఫ్ఎక్స్ హ్యాష్ అన్నదానిని వాడుకుంటుంది. దానికి మారి చూశాను. 212 ఉత్తరాలకు కంటికి తెలిసే తేడా లేదు. వెనక్కి మార్చేశాను.

ఇరవై ఆరవ రోజు

ఈ రోజు ముందుభాగం ఇస్తే వెతికే సౌకర్యాన్ని పూర్తి చేశాను. ‘వర్ష’ అని టైపు చేస్తే ‘వర్షం’, ‘వర్షాలు’, ‘వర్షానికి’ అన్నీ రావాలి. హ్యాష్‌మ్యాప్‌లో దీనికి ప్రతి కీనీ తడమాలి. బీట్రీమ్యాప్‌లో రేంజ్ అన్న మెథడ్ ఉంది. మొదలుపెట్టే కీని ఇస్తే నేరుగా అక్కడికి వెళ్లి వరుసగా ఇస్తూ పోతుంది, ముందుభాగం సరిపోనంతనే ఆపితే చాలు. తెలుగు వంటి భాషకు, ప్రత్యయాలు పదం చివరనే చేరుతాయి కాబట్టి, ఇది ఎంతో ఉపయోగకరంగా ఉంది. రూపాంతరాల పట్టికలో మేము ఇంకా చేర్చని మాటలు కూడా దీనితో చాలావరకు దొరుకుతున్నాయి.

మళ్లీ ‘నేఁడు’ దగ్గరే ఆగవలసి వచ్చింది. ‘నేడ’ అని వెతికితే ఒక్క ఫలితం కూడా రాలేదు. వరుసలో మొదట వచ్చేది ‘నేఁడు’. దాని అక్షరాలు ‘నేడ’తో మొదలు కావు కాబట్టి మొదటి అడుగులోనే వెతుకులాట ఆగిపోయి, వెనుకనే ఉన్న ‘నేడు’ వరకు చేరలేదు. వరుస బరువులను బట్టి ఉన్నప్పుడు ఆపే షరతు కూడా బరువులను బట్టే ఉండాలి. ఆ షరతును మార్చాక ‘నేడ’కు రెండూ వచ్చాయి. ‘నేడు’ అని పూర్తిగా ఇస్తే మాత్రం అరసున్న రూపం రాలేదు, ఎందుకంటే మొదలుపెట్టే కీలో పదం భాగం కూడా ఉండడం వల్ల ‘నేఁడు’ దానికన్నా ముందు పడిపోతోంది. మొదలుపెట్టే కీలో బరువులను మాత్రం ఉంచి పదాన్ని ఖాళీగా వదిలాను. ఈ రెండు సందర్భాలకూ పరీక్షలు రాసి పెట్టాను.

సాయంత్రం ప్రోగ్రామును అత్తయ్య ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఆమె ముందుగా ‘బావి’ అని టైపు చేసింది. ‘బావి’, ‘బావికి’, ‘బావిలో’ అన్న మూడు పంక్తులు, వాటి పక్కన ఉత్తరాల తేదీలు వచ్చాయి. మొదటి తేదీని చూసి ఆ ఉత్తరాన్ని ట్రంకు పెట్టెలోంచి తీయడానికి ఆమె లేచి వెళ్లింది. రూపాంతరాల పట్టికలో క్రియలు ఇంకా మిగిలి ఉన్నాయి. చెల్లెలు ‘చేయు’ నుంచి మొదలుపెట్టింది.